దారమూ తాటాకులూ

ప్రాచీన గ్రంథ పరిష్కరణలో ఒక మౌలిక నియమం ఉన్నది. క్రొత్త ప్రతిని మాతృకతో అక్షరమక్షరం సరిచూచిన పిమ్మటనే మాతృకను ప్రక్కన పెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఈ నియమాన్ని నేను తరగతి గదిలో బోధిస్తున్నాను. పరిశోధన చేసే రోజులలో తాళపత్ర ప్రతులను ఎదుట ఉంచుకొని శ్రద్ధగా పాటించాను కూడా. అయినా మా ఇంటి సంపద విషయంలో, అదీ నాకు అత్యంత ప్రియమైన సంపద విషయంలో, ఆ నియమాన్ని మరచిపోయాను. ఆ మరపునకు నేను చెల్లించిన మూల్యమే ఈ వ్యాసానికి కారణం.

మా మేనత్తది తెనాలి సమీపంలోని ఒక గ్రామం. ఆమె చదివినది ఐదవ తరగతి వరకే. కాని ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు మొదలైన స్త్రీల రామాయణపు పాటలు ఆమెకు కంఠస్థం. దంపుళ్ల వేళ, పెండ్లిపందిట్లో, పసిపిల్లలను నిద్రపుచ్చే వేళ ఆమె గొంతు వినని బాల్యం నాకు లేదు. ఈ పాటల పాఠాలు కొన్ని అచ్చులో లభిస్తాయి. అయితే ఆమె బాణీ, ఆమె విరుపు, ఒక చరణానికీ మరొక చరణానికీ నడుమ ఆమె తీసుకునే ఊపిరి ఏ పుస్తకంలోనూ లేవు. అవి ఆమెతోనే ఉన్నవి, ఆమెతోనే పోతాయి. ఈ ఎరుక నాకు ఆలస్యంగా కలిగింది. అప్పటికి ఆమె వయస్సు ఎనభై.

2014 వేసవి సెలవులలో ఒక ల్యాప్‌టాపునూ, ఒక మైకునూ తీసుకొని ఆ ఊరు వెళ్లాను. పాటలను పట్టడానికి ఆడాసిటీ అనే ప్రోగ్రామును ఎంచుకున్నాను. 2000వ సంవత్సరంలో వెలువడిన ఆ ప్రోగ్రాము ఎవరికైనా ఉచితంగా లభిస్తుంది. పెరటి వసారాలో నులకమంచం వాల్చి, ఫ్యాను ఆపి, అత్తయ్యను కూర్చోబెట్టాను. మొదటి రోజు ఆమె మైకును చూసి బిగుసుకుపోయింది. రెండవ రోజు దాన్ని మరచిపోయింది. మూడవ రోజున, “అబ్బాయీ, నిన్నటి పాటలో ఒక చరణం జారవిడిచాను, మళ్లీ పెట్టు నీ పెట్టె” అని తానే పిలిచింది. తొమ్మిది రోజులలో పదునాలుగు పాటలు పూర్తి అయ్యాయి. పాటలు, వాటి నడుమ ఆమె చెప్పిన ముచ్చట్లు, నూతి గిలక చప్పుడు, కాకుల అరుపులు అన్నీ కలిపి పదకొండు గంటల ధ్వని. నేను బయలుదేరేనాడు ఆమె ల్యాప్‌టాపు మూతమీద చేయి వేసి, “ఇందులో పడ్డాయిగా నాయనా, ఇక నేను మరచిపోయినా పరవాలేదు” అన్నది. నేను చిరునవ్వు నవ్వి తల ఊపాను. ఆ తల ఊపడంలో ఎంత బాధ్యత ఇమిడి ఉన్నదో అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడ ఆ పాటలు కంప్యూటరులో ఏ రూపంలో ఉంటాయో కొంత వివరించాలి. మైకు పట్టిన ధ్వనిని యంత్రం అంకెలుగా మారుస్తుంది. నేను ఎంచుకున్న పద్ధతిలో సెకనుకు 44,100 పర్యాయాలు ధ్వని ఎత్తును కొలిచి, ఒక్కొక్క కొలతను నాలుగు బైట్లలో వ్రాసుకుంటుంది. ఆ లెక్కన గంటసేపు సాగే పాటకు దాదాపు 635 మెగాబైట్ల చోటు కావాలి. పదకొండు గంటలకు దాదాపు ఏడు గిగాబైట్లు. ఆనాటి ఆడాసిటీ ఈ ధ్వనిని ఒకే ముద్దగా దాచేది కాదు. సుమారు ఆరేసి సెకన్ల తునకలుగా విడగొట్టి, ప్రతి తునకకూ ఒక సంకేతనామం పెట్టి, పాట పేరుతో ఏర్పడిన ఒక సంచికలో, అంటే ఫోల్డరులో, భద్రపరచేది. ఆ సంచిక ప్రక్కనే ఒక చిన్న ప్రాజెక్టు ఫైలు ఉండేది. అందులో ధ్వని లేశమైనా లేదు. ఏ తునక తర్వాత ఏ తునక రావాలి, ఎక్కడ కోశాము, ఎక్కడ అతికాము, ఎక్కడ ధ్వనిని పెంచాము అన్న వివరాలు మాత్రమే అందులో ఉండేవి.

తాళపత్ర గ్రంథాన్ని చూసినవారికి ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. తాటాకులకు రంధ్రం చేసి, వరుసగా పేర్చి, వాటి గుండా ఒక దారం గుచ్చుతారు. ఆకులలో కావ్యం ఉంటుంది. దారంలో ఒక్క అక్షరమైనా లేదు. కాని దారం తెగి, ఆకులు చెదరితే కథ చెదరిపోతుంది. ప్రాజెక్టు ఫైలు దారం; తునకల సంచిక తాటాకుల కట్ట. రెండూ కలిస్తేనే పాట.

2017 వేసవిలో అత్తయ్య కన్నుమూసింది. మరుసటి ఏడు డిసెంబరులో నేను క్రొత్త కంప్యూటరు కొన్నాను. పాత ల్యాప్‌టాపు బాగా నెమ్మదించింది. మీట నొక్కిన చాలా సేపటికి గాని కదిలేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం కూర్చొని, నాకు కావలసినవన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాను. అత్తయ్య పాటల వద్దకు వచ్చేసరికి పదునాలుగు పాటలకు పదునాలుగు ప్రాజెక్టు ఫైళ్లు కనిపించాయి. పాట పేరు, దాని ప్రక్కన ప్రోగ్రాము గుర్తు స్పష్టంగా ఉన్నవి. వాటిని నకలు తీశాను. ప్రక్కనే ఉన్న సంచికలను తెరిచి చూస్తే అర్థం కాని పేర్లతో వందలాది చిన్నచిన్న ఫైళ్లు. అవి యంత్రం తన అవసరానికి పోగుచేసుకున్న చెత్త అనుకున్నాను. నకలు కనురెప్పపాటులో ముగిసింది. ఏడు గిగాబైట్ల బరువు అంత త్వరగా ఎలా కదిలిందన్న సందేహం నాకు కలగవలసింది. కలగలేదు. యంత్రం మహిమ అని సంతోషించాను. ఆ వారంలోనే పాత ల్యాప్‌టాపును మా వీధిలోని ఒక పాలిటెక్నిక్ విద్యార్థికి ఇచ్చివేశాను. నాకు అక్కరలేనివన్నీ తీసివేసుకొమ్మని నోరారా చెప్పాను కూడా.

2019 వేసవిలో అత్తయ్య సాంవత్సరికానికి బంధువులందరం ఆమె ఇంట చేరాము. భోజనాల అనంతరం ఆమె కుమార్తె, నాకు వదిన, “అమ్మ పాట ఒక్కటి వినిపించవయ్యా, నువ్వు పట్టావు కదా” అని అడిగింది. అందరూ అదే వసారాలో చేరారు. నేను క్రొత్త కంప్యూటరు తెరిచి ఊర్మిళాదేవి నిద్రను ఎంచుకున్నాను. తెరమీద ఒక హెచ్చరిక ప్రత్యక్షమయింది. ఈ ప్రాజెక్టులో ఇన్ని వందల ధ్వనిభాగాలు కనిపించడం లేదని దాని సారాంశం. ఆ క్రింద మూడు మార్గాలు చూపింది. ఏ మార్పూ చేయకుండా మూసివేయడం మొదటిది. పోయిన భాగాలను ఈ పర్యాయానికి మాత్రం నిశ్శబ్దంగా భావించడం మరొకటి. వాటి స్థానంలో శాశ్వతంగా నిశ్శబ్దాన్ని నింపివేయడం ఇంకొకటి.

ఎదుట ఇరవై మంది కూర్చొని ఉన్నారు. నా చేయి చెమర్చింది. ఏదో ఒకటి నొక్కితే పాట తెరుచుకోవచ్చునన్న ఆశతో శాశ్వతంగా నింపే మార్గంవైపు వేలు కదిపాను. అంతలో, నింపేది నిశ్శబ్దమే కదా అన్న ఆలోచన వచ్చి ఆగిపోయాను. మా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో పాటల రికార్డింగు స్టూడియోలో పనిచేస్తాడని జ్ఞాపకం వచ్చింది. పెరట్లోకి వెళ్లి ఫోను చేశాను. అతడు సర్వం విని, “మాస్టారూ, మొదటిదే నొక్కండి. ఏదీ మార్చకుండా మూసేయండి. మిగిలిన ఫైళ్లను ముట్టుకోవద్దు. పాత ల్యాప్‌టాపు ఎక్కడ ఉంది? దాన్ని వాడకుండా వెంటనే ఆపించండి” అన్నాడు. వసారాలోకి తిరిగి వచ్చి, యంత్రంలో చిన్న ఇబ్బంది వచ్చిందని చెప్పాను. వదిన నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రం ఆ ఇంట నేను తలెత్తలేకపోయాను.

ఆ పాలిటెక్నిక్ విద్యార్థి నేను చెప్పినట్లే పాత సంచికలన్నీ తుడిచివేశాడు. అతని దోషం ఏమీ లేదు. ఐదు నెలలుగా తన పాఠాలు, సినిమాలు అందులో పెట్టుకుంటున్నాడు. మా శిష్యుడు ఆ ల్యాప్‌టాపును తెప్పించుకొని, లోపలి హార్డుడిస్కును ఊడదీసి, దానిమీద ఏమీ వ్రాయకుండా శోధించాడు. ఆ సందర్భంలో అతడు నాకు చెప్పిన మాట గ్రంథాలయ భాషలో ఇలా చెప్పవచ్చు. సూచీపత్రం చింపివేసినంత మాత్రాన బీరువాలోని పుస్తకం మాయం కాదు. మరొక పుస్తకం వచ్చి ఆ చోటును ఆక్రమించినప్పుడే అది నశిస్తుంది. పాతకాలపు హార్డుడిస్కులలో తుడిచివేత చాలావరకు ఇటువంటిదే. నేడు విరివిగా వాడుతున్న ఎస్.ఎస్.డి.లలో ఈ అవకాశం చాలా తక్కువ. అక్కడ తుడిచినది తిరిగి రావడం అరుదు.

పది రోజుల తరువాత అతడు దొరికిన తునకలను పంపించాడు. వాటిని పాట పేర్లు గల సంచికలలో సర్ది, నా దగ్గర ఉన్న ప్రాజెక్టు ఫైళ్లతో తెరిచాడు. నేను తెచ్చుకున్న దారం ఇప్పుడు అక్కరకు వచ్చింది. ఏ తునక ఎక్కడిదో ఆ చిన్న ఫైలే చెప్పింది. ఆనాడు నేను తొందరపడి శాశ్వత నిశ్శబ్దాన్ని నింపి ఉంటే, ఆ దారం కూడా తెగిపోయేది. పదునాలుగు పాటలలో తొమ్మిది పూర్తిగా దక్కాయి. మూడు అక్కడక్కడ లోపాలతో దక్కాయి. రెండు పాటలు దక్కలేదు. ముప్పై ఎనిమిది నిమిషాల ఊర్మిళాదేవి నిద్రలో నలభై ఒక్క తునకలు లేవు. అంటే దాదాపు నాలుగు నిమిషాల పాట లేదు. గ్రంథ పరిష్కర్తలు ఇటువంటి చోట్లను గ్రంథపాతం అంటారు. చెదలు తిన్న ఆకులలో వాటిని చూసి ఎన్నో సార్లు నిట్టూర్చాను. ఈ గ్రంథపాతానికి మాత్రం చెదపురుగును నేనే.

స్టూడియోలలో ఈ పని నిత్యం జరుగుతుంది. ఒక చోట పాడిన గొంతుకు మరొక చోట వీణ, ఇంకొక చోట మృదంగం చేరుస్తారు. ప్రాజెక్టు ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి ప్రయాణం చేస్తూనే ఉంటుంది. ఆ ప్రయాణంలో పొంచి ఉండే ప్రమాదాలను మా శిష్యుడు వివరించాడు. మొదటిది నాకు జరిగినదే. సూచనల ఫైలు వస్తుంది, ధ్వని రాదు. రెండవది, ధ్వని వచ్చినా గొంతుకు నిండుదనాన్నో ప్రతిధ్వనినో చేకూర్చిన అనుబంధ ప్రోగ్రాములు రెండవ కంప్యూటరులో ఉండకపోవచ్చు. అప్పుడు పాట తెరుచుకుంటుంది గాని, మనం విన్న పాటలా ఉండదు. మూడవది, ఒక ప్రోగ్రాము వ్రాసిన ప్రాజెక్టును మరొక ప్రోగ్రాము చదవలేకపోవచ్చు. అందుకని జాగరూకులైన వారు ప్రాజెక్టుతో పాటు ప్రతి గొంతునూ, ప్రతి వాద్యాన్నీ విడివిడిగా, అన్నీ ఒకే ఆరంభస్థానం నుంచి మొదలయ్యేలా, సర్వసాధారణమైన వేవ్ ఫైళ్లుగా తీసి పంపుతారు. ఏ ప్రోగ్రాము లేకపోయినా అవి తెరుచుకుంటాయి. వరుసలో పేర్చితే తాళం తప్పకుండా కలుస్తాయి. వాటితో పాటు పాట వేగం, సెకనుకు ఎన్ని కొలతలు, వాడిన అనుబంధ ప్రోగ్రాములు ఏవి అన్న వివరాలు ఒక కాగితం మీద వ్రాసి పెడతారు. ఇది వింటున్నంతసేపూ నాకు మన పూర్వ లేఖకులు గ్రంథాంతంలో వ్రాసుకున్న గద్యలు స్ఫురించాయి. ఎవరు వ్రాశారు, ఎవరి కోసం వ్రాశారు, ఏ తిథినాడు ముగించారు అన్నది అక్కడ ఉంటుంది.

మన సాహిత్య చరిత్ర అంతా ఒక విధంగా ఇటువంటి తరలింపుల చరిత్రే. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి గల అనేక ప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. అతడు పాత ఆకులను క్రొత్త కాగితాలమీదికి ఎక్కించడంతో ఊరుకోలేదు. ప్రతిని ప్రతితో పోల్చాడు. ఆయన సేవలో విలువైన భాగం ఆ పోల్చడమే. తాళ్లపాక కవుల సంకీర్తనలను రాగిరేకులమీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. అవి శతాబ్దాల పాటు మరుగున ఉండి ఇరవయ్యవ శతాబ్దిలో వెలుగు చూశాయి. ఆ రేకులలో ప్రతి కీర్తనకూ రాగం పేరు చెక్కి ఉన్నది. కాని స్వరం లేదు. ఆ రాగాన్ని అన్నమాచార్యులు ఏ వరుసలో నడిపించాడో చెప్పే ఆధారం లేదు. నేడు మనం వింటున్న వరుసలు ఆధునిక విద్వాంసులు కూర్చినవి. రాగిరేకు పాఠాన్ని మోయగలిగింది; గొంతును మోయలేకపోయింది. గొంతును మోయగల సాధనం మన కాలానికి దక్కింది. దక్కిన సాధనాన్ని చేత పట్టుకొని కూడా, నేను రాగిరేకు మోసిన పాటి బరువును సైతం మోయలేకపోయాను. ఈ పోలిక నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

2021 మార్చిలో వచ్చిన ఆడాసిటీ మూడవ శ్రేణి నుంచి ప్రాజెక్టు అంతా ఒకే ఫైలులో ఇమిడిపోతున్నది. దారమూ ఆకులూ విడిపోయే ప్రమాదం ఆ మేరకు తగ్గింది. అయినా ఒక యంత్రం చేసిన ఏర్పాటుమీద భారం వేసి కూర్చునే ధైర్యం నాకు లేదు. 2022లో మళ్లీ కంప్యూటరు మార్చవలసి వచ్చింది. ఈసారి పాటలను క్రొత్త రూపంలోకి మార్చి, ప్రతి పాటకూ వేరుగా వేవ్ ఫైలు తీశాను. రెండు కంప్యూటర్లలోనూ ఫైళ్ల పరిమాణాలు సరిచూశాను. ఒక ప్రతిని బయటి డిస్కులో ఉంచాను. మరొకటి ఊరిలో వదిన ఇంటికి చేర్చాను. ఒకే ఇంట ఉన్న రెండు ప్రతులు ఒకే పిడుగుకు పోతాయి కదా. ఆ తరువాత అసలు పని మొదలుపెట్టాను. మిగిలిన పాటలను క్రొత్త కంప్యూటరులో ఆద్యంతం విన్నాను. రోజుకు గంట చొప్పున వినడానికి తొమ్మిది రాత్రులు పట్టింది. 2014లో పట్టడానికి పట్టినవీ తొమ్మిది రోజులే. ఆ తొమ్మిదవ రాత్రి గడిచే వరకు పాత కంప్యూటరు నా బల్ల మీదనే ఉన్నది.

ఊర్మిళాదేవి నిద్రలోని ఖాళీల విషయంలో కొంత తర్జనభర్జన జరిగింది. ఆ చరణాలు వదినకు చాలావరకు గుర్తున్నవి. ఆమె గొంతులోనూ తల్లి పోలిక ఉన్నది. ఆమెతో పాడించి ఆ చోట్లలో అతికితే వినేవారికి లోపం తెలియదని కొందరు అన్నారు. వదిన ఒప్పుకోలేదు. “నేను పాడతాను గాని, అమ్మ పాటలో కలపవద్దు. ఏది అమ్మదో, ఏది నాదో తెలియాలి” అన్నది. గ్రంథ పరిష్కరణ అన్న మాట ఎన్నడూ వినని ఆమె నోట ఆ శాస్త్రం యొక్క ధర్మం పలికింది. ఆమె పాడినదాన్ని అత్తయ్య పాట క్రింద రెండవ వరుసలో వేరుగా ఉంచాను. కావలసినవారు రెండూ కలిపి వినవచ్చు. అత్తయ్య వరుసలో మాత్రం ఖాళీలు ఖాళీలుగానే ఉన్నవి.

విద్యార్థులారా! మీ ఇండ్లలో మీ అమ్మమ్మ గొంతో, తాతయ్య చెప్పిన కథో ఏదో ఒక యంత్రంలో ఉండే ఉంటుంది. ఆ యంత్రం ఒకనాడు మారుతుంది. మార్చేటప్పుడు ఫైలు పేరు కనిపించినంత మాత్రాన తృప్తి పడకండి. తెరిచి, చివరి వరకు వినండి. విన్న తరువాతనే పాతదాన్ని విడవండి.

గ్రంథపాతాన్ని గూర్చి పాఠం చెప్పే రోజున నేను ఇప్పుడు నల్లబల్లమీద చుక్కలు పెట్టి ఊరుకోవడం లేదు. తరగతిలో అత్తయ్య పాట వినిపిస్తాను. ఊర్మిళ శయ్య వద్దకు లక్ష్మణుడు వచ్చే ఘట్టంలో ఆమె గొంతు చటుక్కున ఆగిపోతుంది. కంప్యూటరు చెడిందనుకొని ముందు బల్లవారు నావైపు చూస్తారు. నేను కదలను. ఆరు సెకన్లు గడుస్తాయి. అప్పుడు నూతి గిలక చప్పుడు, దాని వెంట సగం చరణం నుంచి అత్తయ్య గొంతు మళ్లీ మొదలవుతాయి.